రెండు భాషలు, నాలుగున్నరేళ్లు: డాక్టర్ సువర్ణ అల్లాడి పరిశోధన అసలు ఏం చెప్పింది?

మూసీఒడ్డు | ఆదివారం ఉదయం 8:12

వాట్సాప్‌లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. "రెండు భాషలు వచ్చినవాళ్లకు మతిమరుపు జబ్బు రాదు, హైదరాబాద్ డాక్టర్లు తేల్చేశారు" అని. మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనే ముగ్గురు పెట్టారు. కింద వరసగా చప్పట్లు. పరిశోధన నిజమే. హైదరాబాద్ కూడా నిజమే. "రాదు" అన్న మాట మాత్రం ఆ పేపర్‌లో ఎక్కడా లేదు. పేపర్ చదివినవాళ్లు, ఆ రంగంలో ఉన్నవాళ్లు ఇక్కడ కొందరు ఉన్నారు కదా అని ఈ చర్చ మొదలుపెడుతున్నా.

నాకు తెలిసినంత వరకు చెప్తాను. 2013 నవంబరులో 'న్యూరాలజీ' అనే అమెరికన్ పత్రికలో వచ్చింది. మొదటి రచయిత డాక్టర్ సువర్ణ అల్లాడి. అప్పుడు పంజాగుట్ట నిమ్స్‌లో న్యూరాలజిస్టు, తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌లో ప్రొఫెసర్. ఆవిడతో పాటు నిమ్స్ నుంచి సుభాష్ కౌల్, ఉస్మానియా నుంచి భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నుంచి సూరంపూడి బాపిరాజు, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్, ఇంకొందరు. ఒక డాక్టరు, ఒక భాషా పండితురాలు, ఒక కంప్యూటర్ మనిషి ఒకే పేపర్ మీద కూర్చోవడం మన దగ్గర అంత తరచుగా జరిగేది కాదు.

నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చి, డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, అని నిర్ధారణ అయిన 648 మంది రికార్డులు తీశారు. అందులో 391 మందికి రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వచ్చు. జబ్బు లక్షణాలు మొదలైన వయసు ఒకే భాష వచ్చినవాళ్లలో సగటున 61.1 ఏళ్లు, రెండు భాషల వాళ్లలో 65.6 ఏళ్లు. తేడా నాలుగున్నరేళ్లు. గమనించండి, ఆ 648 మందికీ జబ్బు వచ్చింది. రాకుండా ఆగినవాళ్లు ఆ లెక్కలో ఒక్కరూ లేరు. అయినా మెసేజ్ రాసినాయన "రాదు" అని రాసేశాడు!

---

సిలికాన్_సీమ | ఆదివారం ఉదయం 8:40

అంటే మా పిల్లలకు తెలుగు, ఇంగ్లీషు, స్కూల్లో స్పానిష్. నాలుగున్నర ప్లస్ నాలుగున్నర, తొమ్మిదేళ్లు లాభమన్నమాట 😀

---

మూసీఒడ్డు | ఆదివారం ఉదయం 8:47

ఆ ఆశ పెట్టుకోకండి సార్. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనంగా ఏమీ కనిపించలేదని అదే పేపర్‌లో ఉంది. రెండు దగ్గరే ఆగిపోయింది.

---

పాతబస్తీ_పోరడు | ఆదివారం ఉదయం 9:25

ఇది హైదరాబాద్‌లనే ఎందుకు జరిగిందో బయటోళ్లకు అర్థం కాదు. మా తాత బడి మెట్టెక్కలేదు. ఇంట్ల తెలుగు, షాలిబండ దాటితే దక్కనీ, బేగంబజార్ల సేట్లతో మార్వాడీ కలిపిన హిందీ. ఎవరు నేర్పిన్రు? ఎవరూ లేరు. బేరం చేయాలె కాబట్టి వచ్చింది. చదువుకున్నోళ్లకే రెండు భాషలొస్తయి అనేది ఇక్కడ చెల్లదు. కూరగాయల బండి తోలే మనిషి పొద్దుగాల నుంచి రాత్రి దాకా మూడు భాషలల్ల మాట్లాడ్తడు, సంతకం మాత్రం రాదు.

---

న్యూరో_పీజీ | ఆదివారం ఉదయం 10:58

పోరడన్నా, మొత్తం పేపర్‌లో బరువైన విషయాన్ని మీరు మీ తాతగారితో చెప్పేశారు. దాన్నే కాస్త విడమరిచి చెప్తాను, పొడుగైతే తిట్టుకోకండి.

రెండు భాషల గురించి మొదట గట్టిగా మాట్లాడింది కెనడా వాళ్లు. టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 2007లో 184 మంది డిమెన్షియా రోగుల రికార్డులు చూసి, రెండు భాషల వాళ్లకు లక్షణాలు 4.1 ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని రాసింది. అందరూ ఆహా అన్నారు. వెంటనే ఒక ప్రశ్న వచ్చింది. అక్కడ రెండు భాషలు వచ్చినవాళ్లలో ఎక్కువమంది వలస వచ్చినవాళ్లు. దేశం దాటి వెళ్లి స్థిరపడేవాళ్లు సాధారణంగా ఆరోగ్యంగా, చొరవగా ఉండేవాళ్లే. వాళ్ల తిండి వేరు, జీవితం వేరు. మరి ఆ నాలుగేళ్లు భాష వల్ల వచ్చాయా, వలస వల్ల వచ్చాయా? ఆ తర్వాత మాంట్రియల్‌లో చేసిన పరిశోధనలో అక్కడే పుట్టి పెరిగినవాళ్లలో ఆ లాభం సరిగ్గా కనిపించలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

రెండో ముడి చదువు. పాశ్చాత్య దేశాల్లో చదువు, భాషలు, ఉద్యోగం అన్నీ కలిసే వస్తాయి, విడదీయడం కష్టం. చదువు డిమెన్షియాను కొంత వెనక్కి నెడుతుందని ముందే తెలుసు. అలాంటప్పుడు రెండో భాష పని ఎంత, కాలేజీ పని ఎంత?

హైదరాబాద్‌లో ఈ రెండు ముళ్లూ ఒకేసారి వదులయ్యాయి. ఇక్కడ తెలుగు, ఉర్దూ లేదా దక్కనీ, హిందీ, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు వలసవాళ్లు కానక్కర్లేదు, తరతరాలుగా ఇక్కడివాళ్లే. చదువు లేకుండా రెండు భాషలు వచ్చినవాళ్లు కూడా క్లినిక్‌కు వచ్చారు. అక్షరం రానివాళ్లను మాత్రమే విడిగా తీసి చూస్తే తేడా తగ్గలేదు సరికదా, 6 ఏళ్లు కనిపించింది. టొరంటోలో ఎంత డబ్బు పోసినా ఈ లెక్క తీయలేరు, ఎందుకంటే బడికి వెళ్లకుండా రెండు భాషలు మాట్లాడే 65 ఏళ్ల మనుషులు అక్కడ క్లినిక్ నిండా దొరకరు. నా దృష్టిలో ఆ పేపర్ ప్రభావమంతా ఈ ఒక్క దాంట్లోనే ఉంది. 4.5 అన్న అంకె ఎవరికైనా వచ్చేదే.

జబ్బు రకాన్ని బట్టి కూడా తేడా వచ్చింది. అల్జైమర్స్‌లో 3.2 ఏళ్లు, రక్తనాళాల వల్ల వచ్చే డిమెన్షియాలో 3.7, మెదడు ముందు, పక్క భాగాలు దెబ్బతినే ఫ్రంటోటెంపొరల్ రకంలో 6.

"మెదడులో జబ్బు లేనట్టేనా మరి?" అని అడగబోయేవాళ్ల కోసం ఇంకో ముక్క. కాదు. 1988లో రాబర్ట్ కాట్జ్‌మన్ బృందం అమెరికాలో ఒక నర్సింగ్ హోమ్‌లో చనిపోయిన 137 మంది మెదళ్లను పరీక్షించింది. అందులో 10 మంది బతికుండగా చాలా చురుగ్గా ఉన్నవాళ్లు. వాళ్ల మెదళ్లలో కూడా అల్జైమర్స్ మచ్చలు ఉన్నాయి. జబ్బు ఉంది, లక్షణం లేదు. దీన్నే కాగ్నిటివ్ రిజర్వ్ అంటారు. పంజాగుట్ట మెయిన్ రోడ్డు మూసేసినా సందులన్నీ తెలిసిన ఆటో డ్రైవరు టైముకే దింపేస్తాడు, అలాంటిది. 2012లో టొరంటో వాళ్లే స్కాన్లు చూసి ఇంకో సంగతి చెప్పారు. జ్ఞాపకశక్తి ఒకే స్థాయిలో ఉన్న రోగులను పోల్చితే, రెండు భాషల వాళ్ల మెదడు ఎక్కువ కుంచించుకుపోయి ఉంది. అంత దెబ్బ తిన్నా అదే స్థాయిలో నెట్టుకొస్తున్నారన్నమాట.

---

పాతబస్తీ_పోరడు | ఆదివారం ఉదయం 11:10

డ్రైవర్ ముచ్చట మస్తుంది డాక్టర్ సాబ్ 👌

---

లెక్కల_మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 2:31

అందరూ భజన చేస్తున్నారు కాబట్టి నేను కాస్త అడ్డం తిరుగుతాను. డాక్టర్ సువర్ణగారి మీద గౌరవం లేక కాదు. నేను జీవితమంతా గణాంకాలు చెప్పుకుని బతికినవాణ్ని, నాకు కనిపించేది నాకు కనిపిస్తుంది.

మొదటిది. ఇది క్లినిక్‌కు వచ్చినవాళ్ల రికార్డు, ఊళ్లో ఉన్నవాళ్ల లెక్క కాదు. రోగులను మాత్రమే తీసుకుని, వాళ్లకు జబ్బు మొదలైన సగటు వయసు పోల్చారు. ఇందులో ఒక చిక్కు ఉంది. ఒక గుంపులో మనుషుల ఆయుర్దాయమే తక్కువ అనుకోండి. 75, 80 దాకా బతికేవాళ్లు తక్కువ కాబట్టి, ఆ వయసులో జబ్బు వచ్చేవాళ్లూ తక్కువే ఉంటారు. అప్పుడు ఆ గుంపులో జబ్బు మొదలైన సగటు వయసు దానంతట అదే కిందికి దిగుతుంది. భాషకు సంబంధం లేకపోయినా సరే. ఒకే భాష వచ్చినవాళ్లలో పల్లెటూరి పేదలు ఎక్కువ ఉంటే ఈ తేడాలో కొంత అక్కడి నుంచే వచ్చి ఉండొచ్చు.

రెండోది. జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పేది కుటుంబం. "రెండేళ్ల కిందట పండక్కి వచ్చినప్పుడు మనవడి పేరు మర్చిపోయాడు, అప్పటి నుంచే అనుకుంటా" అని చెప్తారు. తీరిక, చదువు ఉన్న ఇంట్లో ముందే గమనిస్తారు. అవి లేని ఇంట్లో "వయసైపోయింది కదా" అని వదిలేస్తారు. మామూలుగా చూస్తే ఈ తప్పు చదువుకున్న ఇంటివాళ్ల వయసును తగ్గిస్తుంది, అంటే పరిశోధకులకు అనుకూలంగా కాక వ్యతిరేకంగానే పనిచేయాలి. ఆ మాట ఒప్పుకుంటాను. అయినా కొలత మెత్తనిదే.

మూడోది. తెలివైనవాళ్లకే రెండో భాష అబ్బుతుందేమో? తెలివి ముందు, భాష తర్వాతేమో?

---

న్యూరో_పీజీ | ఆదివారం సాయంత్రం 6:05

మాస్టారూ, మూడోదానితో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి చక్కని జవాబు ఉంది. అది ఇక్కడిది కాదు, స్కాట్లండ్‌ది. అక్కడ 1947లో 11 ఏళ్ల పిల్లలందరికీ తెలివితేటల పరీక్ష పెట్టారు. ఆ కాగితాలు భద్రంగా ఉన్నాయి. థామస్ బాక్ బృందం ఆ పిల్లల్లో 853 మందిని 2008 నుంచి 2010 మధ్య మళ్లీ పరీక్షించింది. అప్పటికి వాళ్లకు 70 దాటాయి. అందరూ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న అక్కడి మనుషులే, వలస గొడవ లేదు. 11 ఏళ్లప్పటి మార్కులను బట్టి ఇప్పుడు ఎంత రావాలో లెక్కేస్తే, రెండో భాష నేర్చుకున్నవాళ్లు అంతకంటే మెరుగ్గా చేశారు. పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లు కూడా. 2014లో వచ్చింది ఆ పేపర్. హైదరాబాద్ పేపర్ మీద వచ్చిన అభ్యంతరానికి అదే బృందంలోని మనిషి వేరే దేశపు పాత కాగితాల్లో జవాబు వెతికాడు. నాకు పరిశోధనలో నచ్చే తీరు ఇదే.

రెండోదానికి, అంటే కొలత మెత్తన అన్నదానికి, డాక్టర్ సువర్ణ బృందం 2016లో వేసిన స్ట్రోక్ పేపర్ చూడండి. పక్షవాతం వచ్చిన తేదీ మెత్తనిది కాదు, గంటతో సహా రాసి ఉంటుంది. నిమ్స్ స్ట్రోక్ రిజిస్ట్రీలో 608 మందిని తీసుకున్నారు. పక్షవాతం తర్వాత ఆలోచన, జ్ఞాపకం మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషల గుంపులో 40.5 శాతం, ఒకే భాష గుంపులో 19.6 శాతం. సుమారు రెట్టింపు. కానీ మాట పడిపోవడం, అదే అఫేసియా, రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా ఉంది.

ఆ చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. భాష నేర్వడం వల్ల భాషే బలపడుతుంది అనుకుంటాం కదా? అలా జరగలేదు. మెరుగుపడింది మాట కాదు. ఒక పని ఆపి ఇంకో పనికి మళ్లడం, అక్కర్లేనిదాన్ని తొక్కిపట్టడం వంటి శక్తి అని వాళ్ల వాదన. రెండు భాషల మనిషి నోరు తెరిచిన ప్రతిసారీ ఒక భాషను ఆపి రెండోదాన్ని వదలాలి. రోజంతా ఆ సాధనే. 2017లో ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా మీద ఆవిడ బృందం వేసిన పేపర్‌లోనూ ఇలాంటిదే వచ్చింది. ప్రవర్తన మారిపోయే రకంలో ఆలస్యం కనిపించింది, మాట దెబ్బతినే రకాల్లో కనిపించలేదు. మూడు పేపర్లు ఒకే వైపు చూపిస్తున్నప్పుడు మొదటిది గాలివాటంగా వచ్చిన అంకె అనడానికి నాకు మనసొప్పదు.

మొదటిదానికి, ఆయుర్దాయం సంగతికి, పూర్తి జవాబు నా దగ్గర లేదు. చదువు, ఉద్యోగం, ఊరు-పట్నం తేడా, ఆడ-మగ అన్నీ లెక్కలో సర్దుబాటు చేశాకే రాశారు. కానీ క్లినిక్ రికార్డులతో మీరన్న చిక్కు పూర్తిగా తీరదు.

---

లెక్కల_మాస్టారు | ఆదివారం రాత్రి 9:20

స్ట్రోక్ పేపర్ బాగుంది. రెట్టింపు అంటే చిన్నది కాదు. అఫేసియాలో తేడా లేకపోవడం నాకు ఇంకా నచ్చింది. అన్నింట్లోనూ లాభమే కనిపిస్తే నాకు అనుమానం వచ్చేది.

అయితే అవతలి పక్షం కూడా రికార్డులో ఉండనివ్వండి. న్యూయార్క్‌లో వాషింగ్టన్ హైట్స్ అనే పేటలో స్పానిష్ మాట్లాడే వలసవాళ్లు వెయ్యి మందికి పైగా తీసుకుని ఏళ్ల తరబడి వెంబడించారు. 2014లో ఫలితం ఇచ్చారు. మొదట్లో రెండు భాషల వాళ్ల జ్ఞాపకం మెరుగ్గానే ఉంది, కానీ డిమెన్షియా వచ్చే అవకాశంలో తేడా తేలలేదు. 2017లో లండన్ వాళ్లు అన్ని పరిశోధనలనూ కలిపి చూశారు. వెనక్కి తిరిగి రికార్డులు చూసిన పరిశోధనల్లో నాలుగైదేళ్ల ఆలస్యం కనిపిస్తోంది, ముందుకు వెంబడించిన పరిశోధనల్లో రక్షణ కనిపించట్లేదు. 2020లో వచ్చిన ఇంకో సమీక్ష మధ్యలో నిలబడింది. లక్షణాలు ఆలస్యం కావడం నిజం, జబ్బు వచ్చేవాళ్ల సంఖ్య తగ్గడం మాత్రం కనిపించలేదు అంది.

---

మూసీఒడ్డు | ఆదివారం రాత్రి 9:34

మాస్టారూ, 2020 సమీక్ష చెప్పింది కాగ్నిటివ్ రిజర్వ్ సిద్ధాంతానికి సరిగ్గా సరిపోతుంది కదా? జబ్బు వస్తుంది, బయటపడటం ఆలస్యమవుతుంది. వాట్సాప్ మెసేజ్‌ను కొట్టేస్తుంది, హైదరాబాద్ పేపర్‌ను కొట్టేయదు.

---

లెక్కల_మాస్టారు | ఆదివారం రాత్రి 9:41

సరిపోతుంది. కానీ 80 ఏళ్లకు రావాల్సింది 84కి జరిగితే, ఆ మధ్యలో గుండెపోటుతో పోయినవాళ్లు ఉంటారు. వాళ్లు డిమెన్షియా లేకుండానే పోయినట్టు లెక్క. కాబట్టి ఆలస్యం నిజమైతే, ఏ వయసులో చూసినా రోగుల సంఖ్య కొంతైనా తగ్గాలి. అదీ నా పేచీ.

---

కాకినాడ_కోడలు | సోమవారం ఉదయం 6:50

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా చదువుతున్నాను గానీ ఎప్పుడూ రాయలేదు. మా అత్తగారికి 71. చదువు లేదు. తెలుగు తప్ప ఇంకో భాష రాదు. ఏడాదిగా స్టవ్ మీద పాలు మర్చిపోవడం, తిన్న అన్నం మళ్లీ అడగడం. ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి అబ్బాయి ఒక కాగితం తీసి ఆవిడ చేత ఒక వాక్యం రాయమన్నాడు, 100లోంచి 7 తీసేస్తూ పొమ్మన్నాడు, ఐదు మూలల బొమ్మ గీయమన్నాడు. ఆవిడ పెన్ను పట్టుకుని నా వైపు చూశారు. మార్కులు చాలా తక్కువ వచ్చాయి, "సివియర్" అని రాసేశాడు. నాకు భలే టెన్షన్ పట్టుకుంది. ఇంట్లో ఆవిడ చీటీ డబ్బుల లెక్క నోటితో చెప్పేస్తారండీ! అది సివియర్ ఎలా అవుతుంది?

ఇంకోటి, ఇప్పుడు ఆవిడకు హిందీ నేర్పిస్తే ఏమైనా ఉపయోగముందా? మా ఆయన అడగమన్నారు.

---

న్యూరో_పీజీ | సోమవారం రాత్రి 10:15

అమ్మా, ముందు మీ రెండో ప్రశ్న. జబ్బు మొదలయ్యాక కొత్త భాష నేర్పితే తగ్గుతుందని చెప్పే ఆధారం ఏదీ లేదు. ఈ పరిశోధనలన్నీ జీవితమంతా రెండు భాషల్లో బతికినవాళ్ల గురించి. అత్తగారిని హిందీతో ఇబ్బంది పెట్టకండి. ఆవిడకు ఇష్టమైన మనుషులతో తెలుగులోనే కబుర్లు చెప్పించండి. బి12, థైరాయిడ్ పరీక్షలు అయ్యాయో లేదో చూడండి. వినికిడి, డిప్రెషన్ సంగతి కూడా అడగండి. వీటివల్ల వచ్చే మతిమరుపుకు మందు ఉంటుంది. న్యూరాలజిస్టు చూడకుండా "సివియర్" అన్న మాటను నమ్మకండి. ఇక్కడ రాసినదాన్ని బట్టి నేను జబ్బు పేరు చెప్పను, చెప్పకూడదు.

ఇక ఆ కాగితం. అది 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి తయారుచేసిన 30 మార్కుల పరీక్ష. ప్రపంచమంతా వాడతారు. బడికి వెళ్లినవాళ్ల కోసం చేసింది. రాయడం, చదవడం, గీయడం, మనసులో తీసివేత. బడి ముఖం చూడని మనిషికి ఆ పరీక్ష పెడితే అది జ్ఞాపకశక్తిని కాదు, బడి లేకపోవడాన్ని కొలుస్తుంది. ఈ బాధ మన దేశంలో చాలాకాలంగా ఉంది. 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పరిశోధన చేసినవాళ్లు దీన్ని హిందీలో తిరగరాశారు. "కళ్లు మూసుకోండి" అని రాసి ఉన్న కాగితం చదివించే బదులు, "నన్ను చూసి నేను చేసినట్టు చేయండి" అని పరీక్షించేవాళ్లే కళ్లు మూసుకుంటారు. ఎంత తేలికైన మార్పో చూడండి.

నేను ఈ చర్చలోకి రావడానికి అసలు కారణం కూడా ఇదే. డాక్టర్ సువర్ణ పేరు చెప్పగానే అందరూ 2013 పేపర్ అంటారు. మాలాంటి రెసిడెంట్లకు రోజూ పనికొచ్చేది వేరేది. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, పూనికతో ఒక న్యూరో కాగ్నిటివ్ టూల్ బాక్స్ తయారైంది. ఆ పనిలో ఆవిడ ముందుండి నడిపారు. హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం, ఈ ఐదు భాషల్లో. ఒక భాష ప్రశ్నలను ఇంకో భాషలోకి దించేసి చేతులు దులుపుకోలేదు. ఏ భాషలో అడిగినా కష్టం ఒకేలా ఉండాలి. చదువుకున్నవాళ్లకు, చదువు లేనివాళ్లకు అది పనిచేస్తుందో లేదో వేర్వేరుగా చూడాలి. ఉదాహరణకు "ప అక్షరంతో మొదలయ్యే పదాలు ఒక నిమిషంలో ఎన్ని చెప్పగలరు" అన్నది మంచి పరీక్షే, కానీ అక్షరం అంటేనే తెలియని మనిషికి అది అన్యాయం. "తెలిసిన జంతువుల పేర్లు చెప్పండి" అంటే మీ అత్తగారు కూడా మొదలుపెడతారు.

మీ ఆసుపత్రిలో ఆవిడ చదువు స్థాయికి సరిపోయే పరీక్ష పెట్టమని అడగండి. ఇంటి పనులు ఎలా చేసుకుంటున్నారో కుటుంబాన్ని అడిగి నింపే ప్రశ్నావళి కూడా ఉంటుంది. చీటీ లెక్క సంగతి అక్కడ తప్పకుండా చెప్పండి.

---

కాకినాడ_కోడలు | సోమవారం రాత్రి 10:40

చాలా థాంక్సండీ. బి12 చేయించలేదు. రేపే అడుగుతాను.

---

మూసీఒడ్డు | మంగళవారం ఉదయం 7:30

పీజీ డాక్టరుగారు టూల్ బాక్స్ అన్నారు కాబట్టి, ఆవిడ అంతకుముందు చేసిన ఒక పని కూడా ఇక్కడ చేర్చాలి. 2007లో 'బ్రెయిన్' పత్రికలో వచ్చింది. కేంబ్రిడ్జ్‌లో జాన్ హాడ్జెస్ బృందంతో కలిసి చేసింది. ఈ పేపర్‌లో కూడా థామస్ బాక్ పేరు ఉంటుంది, ఆ స్నేహం అప్పటిదే. అల్జైమర్స్ అంటే జ్ఞాపకం పోవడమే అనుకుంటాం. జ్ఞాపకం బాగానే ఉండి, మాటో, చూపును అర్థం చేసుకునే శక్తో, ప్రవర్తనో ముందు దెబ్బతిన్న రోగులను తీసుకుని, వాళ్లు చనిపోయాక మెదడు పరీక్షల్లో ఏం తేలిందో చూశారు. దాదాపు మూడో వంతు మందిలో ఉన్నది అల్జైమర్స్ జబ్బే. కళ్లు బాగున్నా ఎదుట ఉన్నది పోల్చుకోలేని రకంలోనైతే అందరిలోనూ అదే. ప్రవర్తన మారే రకంలో మాత్రం చాలా తక్కువ. బతికుండగా ఏ లక్షణాన్ని బట్టి లోపలి ఏ జబ్బును ఊహించాలి అన్నదానికి ఈ పేపర్‌ను న్యూరాలజిస్టులు ఇప్పటికీ ఉదహరిస్తారు. మామూలు జనానికి దీని పేరు కూడా తెలియదు. పేపర్లలో హెడ్‌లైన్ అయ్యేది ఒకటి, డాక్టర్లు వాడేది ఇంకొకటి.

---

నల్గొండ_బిడ్డ | మంగళవారం ఉదయం 11:02

ప్రభావం గురించి మాట్లాడుతున్నరు కాబట్టి ఒక మాట. నిమ్స్ పేరు వస్తే మాకు ముందు గుర్తొచ్చేది ఫ్లోరోసిస్ మీద పనిచేసిన న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి. నీళ్లల్ల ఫ్లోరైడ్‌తో ఎముకలు పెరిగి వెన్నుపామును నొక్కేస్తే కాళ్లు చచ్చుబడుతయి. దాన్ని నరాల జబ్బుగా చూసి రాసినోళ్లల్ల ఆయన పెద్ద పేరు. అంతకుముందు 1937లనే నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ రోగం గురించి రాసిన్రు. ఉదహరింపులు లెక్కపెడితే అల్జైమర్స్ పేపర్లతో ఇవి పోటీ పడలేవు. ప్రపంచంలో పైసలున్న దేశాలకు ఆ జబ్బు లేదు కదా. మరి ప్రభావం తక్కువ అందామా?

---

పాతబస్తీ_పోరడు | మంగళవారం ఉదయం 11:20

రాజారెడ్డి సాబ్ పాత నాణేల మీద కూడా పుస్తకాలు రాసిన్రు. శాతవాహనుల నాణేలు. డాక్టర్లకు టైం ఎట్ల దొరుకుతదో!

---

మోడరేటర్ | మంగళవారం మధ్యాహ్నం 1:00

ఫ్లోరోసిస్ మంచి విషయమే, నాణేలూ మంచివే. వాటికి విడిగా చర్చ తెరవండి, లింకు ఇక్కడ పెడతాను. ఇక్కడ భాషలు, డిమెన్షియా మీదే ఉందాం.

---

సిలికాన్_సీమ | మంగళవారం రాత్రి 8:55

మొన్నటి జోకు పక్కన పెట్టి సీరియస్‌గా అడుగుతున్నా. మా అమ్మాయికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో. ఇక్కడ తెలుగువాళ్ల పిల్లల్లో సగం మంది అంతే. నానమ్మ ఫోన్ చేస్తే "హాయ్ నానమ్మా, తిన్నావా" దాకా వచ్చి ఆగిపోతుంది. ఇది ఆ పరిశోధన లెక్కలో రెండు భాషలు వచ్చినట్టా, రానట్టా?

---

న్యూరో_పీజీ | మంగళవారం రాత్రి 11:30

ఆ పేపర్ ప్రకారమైతే చుట్టూ ఉన్నవాళ్లతో పనులు జరుపుకునేంతగా రెండో భాషలో మాట్లాడగలగాలి. పరీక్ష మార్కులు, వ్యాకరణం అడగలేదు. అర్థమవుతుంది గానీ మాట్లాడదు అంటే ఆ లెక్కలోకి రాదనే అనుకుంటా. కానీ మెదడు కోసం తెలుగు నేర్పాలని మాత్రం పిల్లకు చెప్పకండి సార్, ఉన్న ఇష్టం కూడా పోతుంది. నానమ్మను ఎక్కువసేపు ఫోన్‌లో ఉంచండి, అదే దారిలో పడుతుంది.

---

పుంగనూరు_మామిడి | బుధవారం ఉదయం 6:20

లెక్కల మాస్టారు ముందుకు వెంబడించే పరిశోధన కావాలన్నారు. మా పక్కనే ఒకటి నడుస్తా ఉంది. కోలారు జిల్లా శ్రీనివాసపురంలో. మా మేనత్త వాళ్ల ఊరు ఆ తాలూకాలోనే. బెంగళూరు ఐఐఎస్సీలో ఉండే సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ వాళ్లు పల్లెల్లో 45 దాటినోళ్లను 10,000 మందిని చేర్చుకుని ఏళ్ల తరబడి చూడాలని పెట్టుకున్నారు. 2018లో మొదలైంది. డాక్టర్ సువర్ణ అల్లాడిది కాదులెండి, వేరే బృందం. రక్తం, స్కాను, జ్ఞాపకశక్తి పరీక్షలు. జబ్బు రాకముందు నుంచే చూస్తారు కాబట్టి మాస్టారి పేచీ తీరొచ్చు.

---

లెక్కల_మాస్టారు | బుధవారం ఉదయం 7:05

అలాంటిదే కావాలి! క్లినిక్ గడప తొక్కినవాళ్లే కాక, జబ్బు రానివాళ్లూ, మధ్యలో పోయినవాళ్లూ అందరూ లెక్కలో ఉంటారు. దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని 2023లో ఒక పెద్ద సర్వే అంచనా వేసింది. చదువు తక్కువ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, పల్లెల్లో ఎక్కువ. శ్రీనివాసపురం వంటి చోట చదువు లేనివాళ్లు చాలామందే ఉంటారు. రెండు భాషల వాళ్లను, ఒకే భాష వాళ్లను పక్కపక్కన పెట్టి పదేళ్లు చూస్తే తేలిపోతుంది.

---

పుంగనూరు_మామిడి | బుధవారం ఉదయం 7:22

అక్కడే చిక్కు మాస్టారూ. ఆ పల్లెల్లో ఇంట్లో తెలుగు, బడిలో, ఆఫీసులో కన్నడం. మామిడి మండీకి పోతే రెండూ, ఒక్కోసారి తమిళం కూడా. మా మేనత్తకు 78, ఆమెకూ రెండూ వచ్చు, ఆమె ఇంట్లో పనిచేసే మనిషికీ రెండూ వచ్చు. ఒకే భాష వచ్చినోళ్లను పోల్చడానికి ఎక్కడి నుంచి తెస్తారు?

---

లెక్కల_మాస్టారు | బుధవారం ఉదయం 7:48

అయితే వచ్చా రాదా అని అడక్కూడదు. రోజుకు ఎంతసేపు ఏ భాష, ఎవరితో, ఎన్నిసార్లు మారుస్తారు అని అడగాలి. వాళ్ల ప్రశ్నావళిలో అది ఉందో లేదో మీ మేనత్తగారిని అడిగి చెప్పగలరా?

---

పుంగనూరు_మామిడి | బుధవారం ఉదయం 7:55

ఆదివారం పోతా ఉండాను. అడిగి రాస్తాను.